రుణదాత హక్కు – రుణగ్రస్తుని పరువు

పూర్వం అప్పులవాడు వాకిట్లోకి వచ్చేవాడు. ఇంటి పెద్ద ఎదురువెళ్లి, అరుగు మీద కూర్చోబెట్టి, ఇంత టీ ఇప్పించి, వచ్చే నెల సర్దుతానని నచ్చజెప్పేవాడు. మాట పెరిగితే వీధి చివరి వరకు వినబడేది, అంతే. నేడు అప్పులవాడు మన జేబులోనే ఉన్నాడు. ఫజర్ నమాజు ముగించి ఇంటికి చేరేలోగా ఒక ఫోను. పనిలో ఉండగా నాలుగు. ఇషా తర్వాత అన్నం ముందు కూర్చుంటే ఇంకొకటి. ఒక నంబరు ఎత్తకపోతే మరో నంబరు నుంచి చేస్తారు. ఎత్తితే తిట్లు. ఎత్తకపోతే భార్యకు, బావమరిదికి, పనిచేసే చోట యజమానికి ఫోన్లు.

ఇలాంటి ఇళ్లు మన బస్తీల్లో ఒకటీ రెండూ కావు. ఆటో నడిపేవారు, దర్జీలు, మెకానిక్కులు, పండ్ల బండి పెట్టుకున్నవారు, గల్ఫ్ వీసా కోసం అప్పుచేసి అక్కడ పని దొరక్క తిరిగివచ్చినవారు ఎందరో ఇందులో చిక్కుకున్నారు. ఆసుపత్రి ఖర్చు కొందరిని ముంచింది. కూతురి పెళ్లిలో జోడే కీ రఖమ్, విందు భోజనాలు మరికొందరిని ముంచాయి. తీసుకున్న అప్పు తీర్చాలన్న తపన వీరిలో చాలామందికి ఉంది. తీరుస్తూనే ఉన్నారు కూడా. అయినా ఫోన్లు ఆగడం లేదు.

ఈ వేధింపు ఎంత దూరం వెళ్తుందో తెలుగువారికి కొత్తగా చెప్పనవసరం లేదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల బాధ తాళలేక పేద కుటుంబాలు అల్లాడిపోయినప్పుడు, 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ దారుణాలు బయటపడ్డాయి. 2020 చివరలో ఫోను యాప్‌ల ద్వారా ఇచ్చే అప్పుల వేధింపులకు హైదరాబాదు పరిసరాల్లో ప్రాణాలే పోయాయి. పోలీసులు అరెస్టులు చేశారు. కనుక ఇది ఒక ఇంటి గుట్టుగా దాచుకోవలసిన విషయం కాదు. దీని గురించి ధర్మం ఏమంటుందో, చట్టం ఏమంటుందో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

అబద్ధం నేర్పే ఫోను

అప్పుల ఫోను ఇంట్లో మొదట చేసే నష్టం డబ్బుది కాదు, మాటది. ఫోను మోగుతుంది. తండ్రి పక్కనే కూర్చుని ఉంటాడు. ‘అబ్బా ఇంట్లో లేరని చెప్పు’ అంటూ ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతికి ఫోను ఇస్తాడు. ఉదయం మక్తబ్‌లో ఆ పిల్లవాడు అబద్ధం పాపమని వల్లెవేసి ఉంటాడు. సాయంత్రం ఇంట్లో అదే అబద్ధాన్ని తండ్రి నోట నేర్చుకుంటాడు. పది మంది ఉపాధ్యాయులు కలిసినా ఆ ఒక్క పాఠాన్ని చెరిపివేయలేరు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) నమాజులో అప్పుల భారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. మీరు అప్పు గురించి ఇంతగా శరణు కోరుతున్నారెందుకని ఒకరు అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, మాటిస్తే తప్పుతాడని ఆయన వివరించారు. హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా అందిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పద్నాలుగు వందల ఏళ్ల క్రితం చెప్పిన ఆ మాటలో నేటి మన ఇంటి దృశ్యమే కనిపిస్తుంది. కాబట్టి అప్పుల ఫోన్లను ఎదుర్కోవడంలో మొదటి మెట్టు ధైర్యం కాదు, నిజం. డబ్బు లేనివాడు డబ్బు లేదని చెప్పడం సిగ్గు కాదు. ఇంట్లో ఉండి లేనని చెప్పించడమే సిగ్గు.

ధర్మం ఇద్దరి పక్షానా ఉంది

అప్పు విషయంలో ఇస్లాం రుణగ్రస్తుణ్ణి తేలికగా వదిలిపెట్టలేదు. షహీదు పాపాలన్నీ క్షమించబడతాయి గాని అప్పు మాత్రం మిగిలే ఉంటుందని హదీసు హెచ్చరిస్తోంది. బాకీ ఉండి, తీర్చడానికి ఏమీ మిగల్చకుండా చనిపోయిన ఒక వ్యక్తి జనాజా వచ్చినప్పుడు, ప్రవక్త (స) తాను నమాజు చేయించకుండా, మీ సహచరునికి మీరే చేయండని అన్నారు. ఆ బాకీ నాదంటూ హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడిన తర్వాతనే ఆయన నమాజు చేయించారు. చేతిలో ఉండి కూడా తిప్పించుకునేవాడు దౌర్జన్యం చేస్తున్నట్లేనని కూడా ఆయన స్పష్టం చేశారు.

‘వడ్డీ హరామ్ కదా, నేనెందుకు కట్టాలి?’ అని అప్పు ఎగవేయడానికి ధర్మాన్ని అడ్డుపెట్టుకునేవారు కొందరున్నారు. వడ్డీకి తీసుకోవడం తప్పే, దానికి తౌబా చేయవలసిందే. కానీ అసలు మాత్రం ముమ్మాటికీ ఎదుటివారి హక్కు. వడ్డీ మెడకు చుట్టుకున్నవారు తమ పరిస్థితిని దగ్గరలోని ఆలిమ్‌కు వివరించి సలహా తీసుకోవాలి. వీలైనంత త్వరగా ఆ ఉచ్చులోంచి బయటపడే ప్రయత్నమూ తౌబాలో భాగమే.

ఇక రుణదాత సంగతి. ప్రవక్త (స) ఒకరి వద్ద ఒంటెను అప్పుగా తీసుకున్నారు. ఆ మనిషి వచ్చి కఠినంగా మాట్లాడాడు. సహాబాలకు కోపం వచ్చింది. ప్రవక్త (స) వారిని ఆపి, రావలసింది ఉన్నవాడికి అడిగే హక్కు ఉంటుందన్నారు. అదే వయసు ఒంటె దొరకకపోతే అంతకన్నా మేలైన ఒంటెను ఇప్పించారు. అప్పును చక్కగా తీర్చేవారే మీలో ఉత్తములని బోధించారు. అప్పిచ్చినవాడు గట్టిగా అడిగితే ఓర్చుకోవాలని దీనివల్ల మనం గ్రహించాలి. అయితే ఆ మనిషి అప్పు తీసుకున్నవారినే అడిగాడు. వారి ఇంటి ఆడవారిని బజారుకీడ్చలేదు, బంధువుల ముందు పరువు తీయలేదు. అడిగే హక్కు వేరు, అవమానించే దురహంకారం వేరు.

రుణగ్రస్తుడు నిజంగా ఇబ్బందిలో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే అది మరింత మేలని దివ్యఖుర్ఆన్ అల్ బఖర సూరా 280వ ఆయతులో ఆదేశముంది. ఇబ్బందిలో ఉన్నవారిని వదిలిపెట్టమని తన పనివారికి చెప్పే ఒక వర్తకుణ్ణి అల్లాహ్ క్షమించాడని హదీసులో ఉంది.

మస్జిదులో తెగిన తగాదా

హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి)కు ఇబ్నె అబీ హద్రద్ (రజి) బాకీ ఉన్నారు. మస్జిదె నబవీలోనే బాకీ అడిగారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇంట్లో ఉన్న ప్రవక్త (స) విని, తెర తొలగించి బయటికి వచ్చారు. కఅబ్‌ను పిలిచి, సగం తగ్గించమని చేత్తో సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు రెండో వ్యక్తితో, లేచి మిగతాది తీర్చమన్నారు.

ఈ చిన్న సంఘటనలో ఎంత నేర్పు ఉందో గమనించండి. రుణదాతను దోషిగా నిలబెట్టలేదు. రుణగ్రస్తుణ్ణి జాలి చూపి వదిలేయలేదు. ఒకరు తగ్గించారు, మరొకరు వెంటనే తీర్చాలి. మధ్యలో ఇద్దరికీ గౌరవనీయుడైన పెద్దమనిషి ఒకరున్నారు. ఈనాటి ఫోను వసూళ్లలో లోపించినది ఈ మూడోవ్యక్తే.

ముందు కాగితం, కలం

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పును రాసిపెట్టుకోవడం గురించే. అప్పుల్లో చిక్కుకున్న కుటుంబం మొదట చేయవలసిన పని కూడా రాయడమే. భార్యాభర్తలు కలిసి కూర్చోవాలి. ఎవరికి ఎంత, అసలెంత, వడ్డీ ఎంత, ఇప్పటికి కట్టిందెంత, కిస్తీ ఏ తేదీన, హామీ సంతకం చేసినవారెవరు అన్నీ ఒక నోటుబుక్కులో రాయాలి. భార్యకు తెలియకుండా దాచిన అప్పు చివరకు వసూలుదారు ఫోనులోనే ఆమెకు తెలుస్తుంది. ఆ దెబ్బ అప్పుకన్నా పెద్దది.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 20,000 రూపాయలు వచ్చే ఇల్లు అనుకోండి. అద్దె 5,000, తిండి 7,500, పిల్లల చదువు 1,500, మందులు 1,000, కరెంటు, గ్యాసు 1,000. మొత్తం 16,000. మిగిలేది 4,000. కట్టవలసినవి మాత్రం సూక్ష్మరుణ సంస్థకు 2,000, బండి ఫైనాన్సుకు 2,500, రోజుకు వంద చొప్పున డైలీ ఫైనాన్సుకు 3,000, బంధువుకు 500. అంతా కలిపి 8,000. ఎవరు ఎక్కువ అరిస్తే వారికి మొత్తం ఇచ్చేసి, మిగతావారి కోసం కొత్త అప్పు చేయడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆ కొత్త అప్పు మళ్లీ ఫోను చేస్తుంది.

పండ్ల వ్యాపారంలో నష్టపోయి అప్పులపాలైన ఒక వ్యక్తి కోసం ప్రవక్త (స) ప్రజలను దానం చేయమన్నారు. వచ్చినది అప్పులకు సరిపోలేదు. అప్పుడు ఆయన రుణదాతలతో, దొరికింది తీసుకోండి, ఇంతకు మించి మీకు లేదని చెప్పేశారు. ఈ పద్ధతి మనకు దారి చూపుతుంది. పై ఉదాహరణలో ఉన్నది కావలసినదానిలో సగం. కాబట్టి నలుగురినీ కలిసి తలా సగం, అంటే 1,000, 1,250, 1,500, 250 చొప్పున కడతానని, మిగతాదానికి గడువు ఇవ్వమని అడగవచ్చు. సంస్థలైతే ఈ కోరికను రాతపూర్వకంగా పెట్టి, కిస్తీ తగ్గించి కాలం పెంచమని కోరాలి. ఒప్పుకోకుండా సగమే కడితే జరిమానాలు పడతాయని గుర్తుంచుకోవాలి. ఎప్పుడైనా అదనంగా నాలుగు రూపాయలు వస్తే, అధిక వడ్డీ ఉన్న అప్పును ముందు తెంచుకోవాలి.

ఫోను వచ్చినప్పుడు

అన్ని ఫోన్లూ ఎత్తనవసరం లేదు. కానీ ఏ ఫోనూ ఎత్తకపోవడం మంచిది కాదు. ఒక్కొక్క సంస్థతో ఒక్కసారి స్థిమితంగా మాట్లాడండి. మొదట ఎదుటివారి పేరు, సంస్థ పేరు, లోను నంబరు అడిగి రాసుకోండి. ఆ తర్వాత ఇలా చెప్పవచ్చు: ‘అయ్యా, బాకీ ఉన్నమాట నిజమే, కాదనను. ఈ నెల పదో తేదీకి వెయ్యి రూపాయలు కడతాను. అంతకన్నా ఇప్పుడు నావల్ల కాదు. ఇదే మాట మీ ఆఫీసుకు రాసి పంపుతున్నాను. నాతోనే మాట్లాడండి, మా ఇంట్లో వాళ్లకు ఫోను చేయవద్దు.’ ఇంతకు మించి వాదన పెట్టుకోవద్దు. తిడితే తిరిగి తిట్టవద్దు. ‘మర్యాదగా మాట్లాడితేనే మాట్లాడతాను’ అని ఫోను పెట్టేయండి. ఒత్తిడికి లొంగి కట్టలేని తేదీ మాత్రం చెప్పకండి. ఒక అబద్ధపు వాయిదా పది ఫోన్లను కొని తెస్తుంది.

ఏ రోజు, ఏ సమయంలో, ఏ నంబరు నుంచి, ఏమన్నారో అదే నోటుబుక్కులో రాయండి. వీలైతే మాటలు రికార్డు చేయండి. సందేశాలు చెరిపేయకండి. వసూలుకు వచ్చినవారి గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికారపత్రం చూడండి. డబ్బు వారి సొంత ఖాతాకు గానీ, సొంత ఫోను నంబరుకు గానీ పంపవద్దు. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు. పిల్లల చేత ఫోను ఎత్తించవద్దు.

చట్టం ఎంతవరకు అండ?

బ్యాంకులు, ఫైనాన్సు సంస్థల వసూలు ఏజెంట్ల గురించి రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఒక సర్క్యులర్ జారీచేసింది. గడువు మీరిన అప్పుల కోసం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోను చేయరాదని, బెదిరింపులు, తిట్లు, బహిరంగ అవమానం కూడదని, కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి పోరాదని, అసభ్య సందేశాలు పంపరాదని అందులో ఉంది. ఏజెంటు చేసిన తప్పుకు అతణ్ణి పెట్టుకున్న సంస్థదే బాధ్యత. సూక్ష్మరుణాల విషయంలో అదే ఏడాది మార్చి 14న ఇచ్చిన ఆదేశాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే అనుమతించింది.

గీత దాటితే ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేసి వివరాలు తెలుసుకోవచ్చు. ప్రాణహాని, దౌర్జన్యం, ఆడవారిపట్ల అసభ్యత ఉంటే నేరుగా పోలీసు స్టేషనుకే వెళ్లాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఈ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించవచ్చు.

‘వారెంటు వచ్చింది, సాయంత్రానికి అరెస్టు చేస్తారు’ అన్న బెదిరింపు తరచుగా వినిపిస్తుంది. అప్పు కట్టలేకపోవడం ఒక్కటే నేరం కాదు. అది సివిలు వ్యవహారం. ఫోనులో ఎవరూ అరెస్టు చేయరు. అయితే చెక్కు ఇచ్చి అది చెల్లకపోతే మాత్రం కేసు అవుతుంది. కోర్టు నుంచి గానీ, వకీలు నుంచి గానీ కాగితం వస్తే పక్కన పడేయకుండా వెంటనే చూపించుకోవాలి. అలాగే ఒప్పందం చేసుకుని అప్పు తీర్చినప్పుడు బాకీ లేదన్న పత్రం తీసుకోవడం మరువకూడదు.

యాప్ అప్పుల సంగతి వేరు. ఐదు నిమిషాల్లో డబ్బు వస్తుందని నొక్కితే, ఫోనులోని పేర్లు, ఫొటోలు కూడా వాళ్ల చేతికి పోతాయి. ఆ ఫొటోలను మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను, ఫొటోలను ముట్టకూడదు. ముట్టిందంటేనే అది దొంగ యాప్ కావచ్చునని అనుమానించాలి. అలాంటప్పుడు భయపడి మళ్లీ మళ్లీ డబ్బు పంపితే ఆశ పెరుగుతుందే తప్ప వేధింపు ఆగదు. వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. బంధువులకు ముందే నిజం చెప్పేయాలి. ముందే తెలిసిన విషయంతో ఎవరూ ఎవరినీ బెదిరించలేరు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ అవమానం భరించలేక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే, అది షైతాన్ గుసగుస. ప్రాణం అల్లాహ్ అమానతు. మనిషి పోతే అప్పు పోదు, పిల్లల నెత్తిన దుఃఖం కూడా పడుతుంది. అలాంటి ఆలోచన వచ్చినవారు ఒంటరిగా ఉండకూడదు. ఇంట్లోవారితో, ఇమామ్ సాహెబ్‌తో, నమ్మకమైన స్నేహితునితో వెంటనే చెప్పుకోవాలి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా మాట్లాడవచ్చు. అప్పు తీర్చే దారులు చాలా ఉన్నాయి. పోయిన ప్రాణాన్ని తెచ్చే దారి లేదు.

జమాఅత్ ఏం చేయాలి?

జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులు ఒకరని ఖుర్ఆన్ అత్తౌబా సూరా 60వ ఆయతు చెబుతోంది. రమజానులో జకాత్ లెక్కకట్టేటప్పుడు చీరలు, రేషను కిట్లు గుర్తొచ్చినంతగా అప్పులవాళ్ల ఫోన్లకు నలిగిపోతున్న పక్కింటి మనిషి గుర్తుకు రావడం లేదు. అతడు చేయి చాచడు కనుక కనిపించడు. ఇక్కడొక మసలా తెలుసుకోవాలి. మనకు బాకీ ఉన్న పేదవాడి అప్పును జకాత్ కింద కొట్టివేసుకుంటే హనఫీ ఉలమాల ప్రకారం జకాత్ చెల్లదు. జకాత్ సొమ్మును అతని చేతికిచ్చి, ఆ తర్వాత అతడు బాకీ కింద తిరిగి ఇస్తే తీసుకోవచ్చు.

మన ఊళ్లలో వడ్డీలేని రుణ సంఘాల ఆలోచన కొత్తదేమీ కాదు. హైదరాబాదులో పుట్టిన మహాపండితులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) అలాంటి సంఘాల గురించి విశేషంగా రాశారు. పెద్ద సంఘం పెట్టే స్తోమత లేకపోయినా ప్రతి మస్జిదు కమిటీ ఒక పని చేయగలదు. నమ్మకస్తులైన ముగ్గురు పెద్దలను, వారిలో ఒకరిని లెక్కలు, చట్టం తెలిసినవారిని ఏర్పాటు చేసి, వారంలో ఒక సాయంత్రం అప్పుల బాధితుల మాట వినవచ్చు. వారి పేర్లు బయటపెట్టకూడదు. లెక్క రాయడం, సంస్థకు ఉత్తరం పెట్టడం, వడ్డీ వ్యాపారిని పిలిచి మాట్లాడటం, అవసరమైతే పోలీసు స్టేషనుకు తోడు వెళ్లడం వారి పని. ఒంటరివాణ్ణి ఫోనులో తిట్టే మనిషి, వెనుక పది మంది పెద్దలున్నారని తెలిస్తే గొంతు తగ్గిస్తాడు.

మనలో అప్పిచ్చినవారూ ఉన్నారు. కిరాణా కొట్టు బాకీలు, పెళ్లికి చేబదులిచ్చిన డబ్బు వసూలుకు మనం కూడా ఫోను చేస్తూనే ఉంటాం. ఎదుటివారు ఇబ్బందిలో ఉన్నారో, ఉండి తిప్పుతున్నారో విచారించి చేయండి. జుమా రోజు పదిమంది ముందు అడగకండి. గడువిచ్చిన ప్రతి రోజూ మీ లెక్కలో పుణ్యంగానే రాయబడుతుంది.

ఇక పెళ్లిళ్ల ఖర్చు తగ్గించుకోకుండా, జోడే కీ రఖమ్ అడగడం మానుకోకుండా అప్పుల గురించి ఎంత మాట్లాడినా గాలికి పోయినట్టే. సగం ఫోన్లు షాదీఖానాలోనే పుడుతున్నాయి.

అప్పు తీసుకున్నవారికి తీర్చే శక్తిని, తీర్చేదాకా నిజం మాట్లాడే ధైర్యాన్ని, అప్పిచ్చినవారికి దయగల హృదయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! అప్పుల భారం నుంచి, మనుషుల దౌర్జన్యం నుంచి మనందరి ఇళ్లను కాపాడుగాక! ఆమీన్.